కొరియన్ డ్రామాలను మోసేది ఎవరు?

కొరియన్ డ్రామాల గురించి మన దగ్గర జరిగే చర్చ అంతా రెండు వర్గాల మధ్యే నడుస్తుంది. చూసేవాళ్లు హీరో అందం గురించి, హీరోయిన్ దుస్తుల గురించి, మొదటి మంచు కురిసిన రాత్రి వాళ్లిద్దరూ ఎదురుపడిన తీరు గురించి మాట్లాడతారు. చూడనివాళ్లు అదంతా కాలేజీ పిల్లల కాలక్షేపమని ఒక్క మాటతో తీసిపారేస్తారు. ఈ రెండు వర్గాల దృష్టీ నిలిచింది పోస్టరు మీద ఉన్న రెండు ముఖాల దగ్గరే. ఏళ్ల తరబడి ఈ డ్రామాలు చూస్తూ వచ్చిన ప్రేక్షకుడిగా నా అభిప్రాయం వేరు. కొరియన్ డ్రామాను నిలబెడుతున్నది ఆ జంట కాదు. ఆ జంటకు తల్లిగా, తండ్రిగా, మేనత్తగా, ఇంటి యజమానురాలిగా, చేపలమ్మే మనిషిగా, ఆఫీసులో పైఅధికారిగా కనిపించే నలభై, యాభై, డెబ్భై ఏళ్ల నటులు. అక్కడి నటనలో మనం నిజంగా గమనించవలసింది, నేర్చుకోవలసింది చాలావరకు వాళ్ల దగ్గరే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దీనికి నేను ముందుగా చూపించే సాక్ష్యం ‘రిప్లై 1988’. 2015 చివరలో మొదలై 2016 జనవరిలో ముగిసిన ఈ 20 ఎపిసోడ్ల డ్రామా సియోల్‌లోని సాంగ్‌మున్‌డాంగ్ అనే పేటలో, ఒకే సందులో కాపురముండే ఐదు కుటుంబాల కథ. అందులో సంగ్ డాంగిల్ ఒక బ్యాంకు ఉద్యోగి. స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టి మునిగిపోయి, భార్యాపిల్లలతో సగం నేలలోకి దిగిన అద్దె వాటాలో బతుకుతుంటాడు. కథ మొదట్లోనే అతని తల్లి చనిపోతుంది. పిల్లలు నాన్న కుప్పకూలిపోయి ఉంటాడనుకుంటూ పల్లెటూరికి వెళ్తారు. తీరా అక్కడ చూస్తే నాన్న, మేనత్తలు వచ్చినవాళ్లతో తాగుతూ, పేకాడుతూ, పాత కబుర్లు చెప్పుకుని పెద్దగా నవ్వుతుంటారు. పిల్లలకు అది అర్థం కాదు, కోపం కూడా వస్తుంది. రాత్రి బాగా పొద్దుపోయాక అమెరికాలో ఉండే పెద్దన్నయ్య వస్తాడు. అతను గడప దగ్గర కనిపించిన మరుక్షణం అప్పటిదాకా నవ్విన మనుషులంతా అతన్ని పట్టుకుని చిన్నపిల్లల్లా గొల్లుమంటారు.

ఈ దృశ్యంలో నన్ను కట్టిపడేసింది చివర్లో వచ్చే ఏడుపు కాదు, దానికి ముందరి నవ్వు. మామూలు నటుడైతే ఆ నవ్వుల మధ్య ఎక్కడో ఒకచోట చూపు దించుకుని, లోపల తాను ఏడుస్తున్న సంగతి ప్రేక్షకుడికి చెప్పేస్తాడు. సంగ్ డాంగిల్ ఆ పని చెయ్యడు. వచ్చినవాళ్లకు మర్యాదలు చెయ్యవలసిన కొడుకుగా ఆ నవ్వు అతనికి నిజమైన బాధ్యత. దాన్ని అతను నిజంగానే నెరవేరుస్తాడు. అందుకే అన్నయ్య వచ్చినప్పుడు విరిగిపడిన దుఃఖం మనల్ని కూడా పిల్లల్లాగే నిర్ఘాంతపరుస్తుంది. మన ఊళ్లలో అమెరికా నుంచి రావలసిన కొడుకు కోసం ఫ్రీజరు పెట్టె పక్కన రెండు రోజులు ఎదురుచూసిన ఇళ్లు ఎన్ని లేవు! ఆ రెండు రోజులూ కాఫీలు అందాయా, చుట్టాలకు పడకలు కుదిరాయా అని తిరిగిన తమ్ముడు, అన్న కారు దిగగానే ఎలా అయిపోతాడో చూసినవాళ్లకు ఆ కొరియన్ పల్లె పరాయిదిగా అనిపించదు.

అదే డ్రామాలో రా మిరాన్ ఒక ఇంటి ఇల్లాలు. లాటరీ తగిలి అకస్మాత్తుగా డబ్బు వచ్చిన ఇల్లు అది. ఆమె సందులోని ఆడవాళ్లందరికీ పెద్దక్క, నోరు పెద్దది, చెయ్యి పెద్దది, ఎవరికీ లొంగని మనిషి. విదేశీ ప్రయాణం మాట వచ్చినప్పుడు కొడుకు ఫోన్‌లో పాస్‌పోర్టు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరు చదివి చెప్పమంటాడు. ఆమె ఏవేవో సాకులు చెబుతుంది, కాసేపు మాట్లాడదు, ఆ తరువాత తనకు ఇంగ్లీషు చదవడం రాదని, ఏమీ అనుకోవద్దని కొడుకుతో అంటుంది. అంతవరకు మనం చూసిన అధికారం ఆ ఒక్క వాక్యంలో మాయమవుతుంది. రా మిరాన్ ఆ మాటను కన్నీళ్లతో చెప్పదు. తప్పుచేసి దొరికిపోయిన పిల్ల గొంతుతో చెబుతుంది. తల్లి తన పిల్లాడి ముందు చిన్నబోవడం ఎలా ఉంటుందో అంత తక్కువ సరంజామాతో చూపించిన దృశ్యాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

వాళ్ల పక్కింట్లో ఉండే విధవరాలిగా కిమ్ సన్‌యంగ్ నటించింది. ఊరి నుంచి తల్లి చూడవస్తోందని తెలిసి, తన లేమి కనబడకూడదని ఇరుగుపొరుగు ఇళ్లనుంచి సామాన్లు తెచ్చి ఇంట్లో సర్దుకుంటుంది. తల్లి మాత్రం అంతా పసిగట్టి, పైకి ఏమీ అనకుండా, వెళ్లేటప్పుడు ఇంట్లో డబ్బు వదిలి వెళ్తుంది. అది దొరికాక తల్లికి ఫోన్ చేసి ఏడ్చిన కిమ్ సన్‌యంగే నాలుగేళ్ల తరువాత ‘క్రాష్ లాండింగ్ ఆన్ యూ’లో ఉత్తర కొరియా పల్లెలోని మహిళల నాయకురాలు. 2019-20లో వచ్చిన ఆ డ్రామాను ప్రపంచమంతా హ్యున్ బిన్, సోన్ యేజిన్‌ల ప్రేమకథగా గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం ఆ పల్లెలోని నలుగురు ఆడవాళ్లే గుర్తు. ఎక్కడనుంచి ఊడిపడిందో తెలియని పరాయి పిల్లను అనుమానంగా చూస్తూనే ఆమె తెచ్చిన కొత్త ఫ్యాషన్ల మీద ఆశపడటం, పైఅధికారి భార్య దగ్గర ఒకరిని మించి ఒకరు వినయం నటించడం, ఆ వినయం కిందుగా ఒకరినొకరు కాపాడుకోవడం వాళ్లు ఎంత నేర్పుతో చేశారంటే, కథ సియోల్‌కు మారిన ప్రతిసారీ నేను వాళ్ల కోసం ఎదురుచూశాను. ప్రధాన జంట ప్రేమ ఒక కల్పన. దానిని నమ్మదగినదిగా చేసింది ఆ ఊరు, ఆ ఊరిని నమ్మించింది ఆ నలుగురు.

ఇలాంటి నటనను చూసి ఎంత సహజంగా చేశారో అని మెచ్చుకుని ఊరుకోవడం వాళ్లకు అన్యాయం చేయడమే. ఇది పుట్టుకతో వచ్చిన ధోరణి కాదు, కష్టపడి సంపాదించుకున్న విద్య. సియోల్‌లో దేహాంగ్నో అనే ప్రాంతం ఉంది. వంద, రెండు వందల మంది మాత్రమే పట్టే చిన్న చిన్న నాటకశాలలు అక్కడ వీధి వీధినా ఉంటాయి. ఈరోజు మనం తెరమీద తల్లులుగా, అత్తలుగా, లాయర్లుగా చూస్తున్న నటీమణుల్లో ఎంతోమంది అలాంటి రంగస్థలాల మీద యవ్వనమంతా గడిపి, నలభైకి దగ్గరపడ్డాక టీవీలో గుర్తింపు తెచ్చుకున్నవాళ్లు. అంతకు ముందు తరానికి మరో దారి ఉండేది: టీవీ ఛానళ్లే పరీక్ష పెట్టి, ఉద్యోగుల్ని తీసుకున్నట్టు నటుల్ని బ్యాచీలుగా ఎంచుకుని తర్ఫీదు ఇచ్చేవి. ఈనాటి పెద్ద తార లీ బ్యుంగ్‌హున్ 1991లో అలా ప్రభుత్వ ఛానల్ కేబీఎస్ ద్వారా వచ్చినవాడే.

ఈ సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. నిర్మలమ్మ, రావు గోపాలరావు, కోట శ్రీనివాసరావు వంటివాళ్లు నాటకాల నుంచి వచ్చినవాళ్లే. పరిషత్తు నాటకాల్లో పదేళ్లు నలిగిన నటుడికి ఎదుటి పాత్ర మాట్లాడుతున్నప్పుడు ఎలా నిలబడాలో తెలుస్తుంది. కెమెరా తన మీద లేనప్పుడు కూడా పాత్రలోనే ఉండటం అనే అలవాటు రంగస్థలం మీద తప్ప మరెక్కడా అంత గట్టిగా పట్టుబడదు. మన దగ్గర ఆ దారి సన్నగిల్లింది. కొరియాలో అది ఇంకా తెరిచే ఉంది, టీవీ దానిమీదే ఆధారపడి బతుకుతోంది.

రచన కూడా వీళ్లకు తోడ్పడుతుంది. కొరియన్ డ్రామాలో పెద్దవాళ్లు చేతులు ముడుచుకుని సోఫాలో కూర్చుని మాట్లాడటం తక్కువ. వెల్లుల్లి ఒలుస్తూ, క్యాబేజీకి కారం పట్టిస్తూ, చేపలు కోస్తూ, బట్టలు మడతపెడుతూ మాట్లాడతారు. ఇది అలంకారం కోసం పెట్టిన పని కాదు. మనసులో మాట చెప్పడానికి ఇష్టపడని మనిషికి చేతిలో పని ఉంటే, ఆ పని వేగమో, దాని మధ్యలో వచ్చిన ఆగుడో చాలు, మాట అవసరం ఉండదు. ‘మై మిస్టర్’లో జీఆన్ అనే అమ్మాయి ఆఫీసులో ఉచితంగా పెట్టే కాఫీ పొడి పొట్లాలను గుప్పిట్లో పట్టుకుపోతుంది. ఇంటికి వెళ్లి, చీకట్లోనే రెండు పొట్లాలు ఒకేసారి చింపి కప్పులో పోసుకుని తాగుతుంది. ఆమెకు రాత్రి భోజనం అదే. ఆ పిల్ల పేదరికం గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పకముందే ఆ రెండు పొట్లాలు మొత్తం చెప్పేస్తాయి.

ఇక యోమ్ హేరాన్ గురించి కొంచెం తీరికగా చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా ఈ ఒక్క మనిషి పనిలో కనిపిస్తుంది. 2016లో వచ్చిన ‘గాబ్లిన్’లో ఆమె తల్లిలేని పిల్లను పీడించే పిన్ని. ఆమె తెరమీదికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మూడేళ్ల తరువాత ‘వెన్ ద కమీలియా బ్లూమ్స్’లో ఆమె చలువ చేసిన కోటు వేసుకున్న విడాకుల లాయరు, తెలివితక్కువ భర్తను చూసే చూపులో అసహ్యం, ప్రేమ రెండూ కలిసే ఉంటాయి. 2022 చివర్లో మొదలైన ‘ద గ్లోరీ’లో భర్త చేతిలో రోజూ దెబ్బలు తినే పనిమనిషి. ఆ కథలో హీరోయిన్ జీవితమంతా పగకే అంకితం చేసుకుని నవ్వడం మరిచిపోయిన మనిషి. ఆమె పక్కన కారులో కూర్చుని, దెబ్బలు తింటున్నా తాను సరదా మనిషినేనని యోమ్ హేరాన్ పాత్ర చెప్పుకుంటుంది. బాధితురాలు అంటే ఎప్పుడూ కుమిలిపోతూ ఉండాలనే మూస ఆ ఒక్క మాటతో బద్దలైంది. ముఖం మీద దెబ్బల గుర్తులున్న మనిషి పిక్నిక్‌కు వెళ్తున్నంత హుషారుగా మాట్లాడుతుంటే చూసేవాళ్లకు నవ్వు వస్తుంది, నవ్వినందుకు సిగ్గూ వేస్తుంది.

ఆ తరువాత 2025 మార్చిలో ‘వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్’ వచ్చింది. జేజు దీవిలో 1960 ప్రాంతంలో మొదలయ్యే ఈ కథలో యోమ్ హేరాన్ సముద్రంలో ఊపిరి బిగబట్టి మునిగి గుల్లలు, నత్తలు ఏరుకొచ్చే స్త్రీ. భర్త చనిపోయాడు, కూతుర్ని ఆ భర్త తాలూకు పెద్దింట్లో ఉంచవలసి వచ్చింది. ఆ ఇంట్లో అందరికీ చేప వడ్డించి తన కూతురికి మాత్రం పెట్టడం లేదని తెలిసిన రోజున ఆమె ఆ ఇంటిమీదికి వెళ్లి పిల్లను తెచ్చేసుకుంటుంది. ఆ కోపం సినిమా కోపం కాదు. రోజుకూలీ చేసే మనిషి తన పనివేళ పాడుచేసుకుని వచ్చి పడే కోపం. ఆ కూతురు బడిలో ఒక పద్యం రాస్తుంది: రోజూ సముద్రంలోకే పోయే అమ్మ, ఆ అబలోనీ నత్త అమ్మితే వచ్చే నూరు హ్వాన్లు (అప్పటి కొరియా డబ్బు) నేనే ఇచ్చి అమ్మ ఒక రోజును కొనుక్కోవాలని ఉందనే భావం. ఆ కాగితం చదివేటప్పుడు యోమ్ హేరాన్ ముఖాన్ని తెలుగు ప్రేక్షకులు తప్పకుండా చూడాలి. కూతురు ఇంత బాగా రాసిందన్న గర్వం, ఆ రాసినది తన మీద ఫిర్యాదు అన్న గ్రహింపు, ఆ ఫిర్యాదుకు తన దగ్గర జవాబు లేదన్న నిస్సహాయత ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. కథలో ఆమె ఇరవై తొమ్మిదేళ్లకే చనిపోతుంది. నటికి అప్పటికి దాదాపు యాభై ఏళ్లు. ఆ తేడా నాకు ఒక్క క్షణం కూడా అడ్డురాలేదు. ఉప్పునీళ్లలో అరిగిపోయిన ఇరవై తొమ్మిదేళ్ల మనిషి అలాగే ఉంటుందని నమ్మాను.

పదహారు ఎపిసోడ్ల ఆ డ్రామాలో ఆమె నిడివి చాలా తక్కువ, మొదట్లోనే వెళ్లిపోతుంది. అయినా చివరి దాకా, హీరోయిన్ అయిన ఆ కూతురు తీసుకునే ప్రతి నిర్ణయం వెనక ఆ తల్లి కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఏడాది కొరియాలో ప్రతిష్ఠాత్మకమైన బేక్‌సాంగ్ పురస్కారాల్లో సహాయ నటి బహుమతి ఆమెకు, సహాయ నటుడి బహుమతి అదే డ్రామాలో చేదు మనిషిగా మొదలై చాదస్తపు ముసలివాడిగా మిగిలిన చొయ్ దేహూన్‌కు దక్కాయి. హీరోయిన్ భర్త గ్వాన్‌సిక్ యవ్వనంలో ఉన్నప్పటి పాత్ర వేసిన పార్క్ బోగమ్ తుపానులో బిడ్డను పోగొట్టుకున్న దృశ్యంలో మంచి పని చేశాడు, కాదనను. కానీ ఆ మనిషి తరువాతి నలభై ఏళ్ల బరువును వంగిన వీపు, అరిగిన మోకాళ్లతో తీసుకొచ్చింది నడివయసు పాత్ర చేసిన పార్క్ హేజూన్.

అయితే ప్రధాన పాత్రల్లో గొప్ప నటన లేదని అనలేను. ‘మై మిస్టర్’ 2018లో వచ్చింది. దర్శకుడు కిమ్ వన్‌సక్, రచయిత్రి పార్క్ హేయంగ్. కట్టడాల భద్రత పరీక్షించే ఇంజనీరుగా లీ సన్‌గ్యున్, అప్పుల్లో కూరుకుపోయిన తాత్కాలిక ఉద్యోగిని జీఆన్‌గా ఐయూ నటించారు. ఐయూ దేశమంతా తెలిసిన గాయని. గాయకుల్ని పేరు కోసం తెచ్చి నటులుగా నిలబెడతారనే ఫిర్యాదు కొరియాలో ఎప్పటినుంచో ఉంది, చాలాసార్లు అది న్యాయమైనదే. ఇక్కడ మాత్రం ఆమె ముఖాన్ని మూసేసుకుని నటించింది. ఎదుటివాడి మీద నమ్మకం కుదిరే కొద్దీ ఆ ముఖం ఎపిసోడుకు ఒక వీసమెత్తు చొప్పున తెరుచుకుంటుంది.

లీ సన్‌గ్యున్ విషయంలో నేను చెప్పవలసింది గొంతు గురించి. కథలో ఆ అమ్మాయి అతని ఫోన్‌లో దొంగతనంగా వినే ఏర్పాటు చేసుకుంటుంది. కాబట్టి అతను ఒంటరిగా ఉన్న వేళల్లో మనం కూడా ఆమెతోపాటు అతని అడుగుల చప్పుడు, మెట్లెక్కేటప్పటి రొప్పు, ఎవరూ వినడంలేదనుకుని వదిలిన నిట్టూర్పు వింటూ ఉంటాం. ఒక మనిషి మంచివాడని ఒక అమ్మాయి అతని ఊపిరి విని తెలుసుకోవడం ఆ డ్రామాకు ప్రాణం. ఆ మంద్ర స్థాయి గొంతు లేకపోతే, అది ఆ నటుడి సొంత గొంతు కాకపోతే, ఆ కథే లేదు. 2023 డిసెంబరులో అతను నలభై ఎనిమిదేళ్లకే మరణించాడన్న వార్త చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ గొంతే.

అందుకే వీటిని కొరియన్ మాటలతోనే, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ చూడమని అడిగినవాళ్లందరికీ చెబుతాను. ‘స్క్విడ్ గేమ్’ లాంటివి తెలుగులోకి డబ్బింగ్ అయ్యాక చూసేవాళ్లు పెరిగారు, అది సంతోషించవలసిన విషయమే. చదవడం కష్టమైన పెద్దవాళ్లకు అదొక్కటే దారి. కానీ డబ్బింగులో ప్రతి పాత్రా ఒకే స్టూడియో గదిలో నిలబడి, ఒకే స్పష్టతతో, ఒకే ఎత్తులో మాట్లాడుతుంది. నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడే మాట, గొంతు పూడుకుపోయి సగంలో ఆగిన మాట, అటు తిరిగి గొణిగిన మాట అన్నీ శుభ్రపడిపోతాయి. తల్లి పాత్రలకు జరిగే నష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే వాళ్ల నటనలో సగం ఆ గొణుగుడులోనే ఉంటుంది. తెలుగు డబ్బింగ్ కళాకారులకు శక్తి లేక కాదు. ఆ పాత్రతో రెండు రోజులు కూర్చునే వ్యవధి ఇస్తే వాళ్లు దీనికి న్యాయం చేయగలరు.

కొరియన్ డ్రామాల లోపాలను కూడా నేను దాచదలచుకోలేదు. ప్రేమకథల్లో ముద్దు సన్నివేశాన్ని మూడు వైపులనుంచి మూడుసార్లు చూపించి, దానిమీద పాట పరిచేసి, నటులను కదలని బొమ్మలుగా నిలబెట్టే అలవాటు ఇంకా పోలేదు. పది నిమిషాల కిందట చూసిన దృశ్యాన్నే జ్ఞాపకం పేరుతో మళ్లీ వేస్తారు. నటుడి ముఖం మీద నమ్మకం లేని దర్శకుడే ఆ పని చేస్తాడు. హీరోహీరోయిన్లు చిన్నప్పుడే కలుసుకున్నారని పన్నెండో ఎపిసోడ్‌లో బయటపెట్టే మలుపు వల్ల ఏ పాత్రా లోతు పొందినట్టు నేను చూడలేదు. కోటీశ్వరుల ఇళ్లలోని అత్తలు, వారసులు అరుపులతోనే నడుస్తారు. పరాయి దేశస్థుల పాత్రలైతే చాలావరకు అట్టముక్కలే. ‘స్క్విడ్ గేమ్’లో పాకిస్తానీ కార్మికుడు అలీగా మనసు గెలుచుకున్న అనుపమ్ త్రిపాఠీ ఢిల్లీ కుర్రాడు, కొరియా జాతీయ కళా విశ్వవిద్యాలయంలో నటన చదువుకున్నాడు. అటువంటి నటుడికి 2023లో ‘కింగ్ ద లాండ్’లో ఇచ్చింది ఆడవాళ్ల వెంటపడే అరబ్బు రాజకుమారుడి వేషం. దాన్ని చూసి అరబ్ ప్రేక్షకులు తీవ్రంగా నొచ్చుకున్నారు, ప్రసారం చేసిన ఛానల్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. తన సందులోని మనుషుల్ని అంత శ్రద్ధగా చూడగలిగిన పరిశ్రమ, పొరుగు దేశాల మనిషి దగ్గరికి వచ్చేసరికి అంత అజాగ్రత్తగా ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.

తెలుగు సీరియళ్లతో పోల్చి మన నటులను చిన్నబుచ్చడం చాలామందికి అలవాటైంది. దానితో నేను ఏకీభవించను. కొరియన్ డ్రామా సాధారణంగా పదహారు ఎపిసోడ్లు, వారానికి రెండు, ఒక్కొక్కటి గంటకు పైనే. ముగింపు ఉన్న కథ, ఎక్కువగా ఒకే రచయిత చేతిలో ఉంటుంది. మన సీరియల్ వారంలో దాదాపు రోజూ వస్తూ ఏళ్ల తరబడి సాగుతుంది. ఎప్పుడు ముగుస్తుందో తెలియని పాత్రకు ఏ నటీ ఒక ప్రయాణాన్ని తీర్చిదిద్దుకోలేదు. దానికి తోడు ఎంతోమందికి గొంతు మరొకరిది. కొరియాలోనూ అంతా సవ్యంగా లేదు. ప్రసారం రోజు ఉదయం దాకా రాసిన పేజీలు రాసినట్టే షూటింగుకు పంపి, యూనిట్ మొత్తాన్ని నిద్రలేకుండా పనిచేయించిన చరిత్ర అక్కడ ఉంది. పనిగంటల మీద చట్టం బిగిసింది 2018 తరువాతే. తేడా నటుల శక్తిలో కాదు, నటుడికి దొరికే సమయంలో, కథకు ఉండే హద్దులో, మధ్యవయసు మనిషికి రచయిత ఇచ్చే విలువలో ఉంది.

ఆ విలువ అత్యధికంగా ఇచ్చిన రచయిత్రి నో హీగ్యుంగ్. 2016లో ఆమె రాసిన ‘డియర్ మై ఫ్రెండ్స్’లో ప్రధాన పాత్రల్లో దాదాపు అందరూ అరవై, డెబ్భై దాటినవాళ్లే: కిమ్ హేజా, నా మూన్‌హీ, కో దూషిమ్, యున్ యుజంగ్, షిన్ గూ. కిమ్ హేజా 1980 నుంచి 2002 దాకా ఒకే పల్లె ధారావాహికలో తల్లి పాత్ర వేసి దేశానికంతటికీ అమ్మ అనిపించుకున్న నటి. ఇక్కడ ఆమె మతి తప్పుతున్న వృద్ధురాలు. దిండును బిడ్డలా వీపున కట్టుకుని తిరుగుతూ, తన బిడ్డ జ్వరంతో పోయిన రోజున ఆదుకోలేదని ప్రాణస్నేహితురాలిని నిలదీస్తుంది. అంతవరకు ఎంతో సుతిమెత్తగా మాట్లాడిన మనిషిలో నలభై, యాభై ఏళ్లుగా పూడ్చిపెట్టిన కోపం ఎంత పెద్దదో అప్పుడు బయటపడుతుంది. ఎదురుగా నిలబడి, ఒక్క మాటా తిరిగి చెప్పలేని నా మూన్‌హీ నటన కూడా దానికి సాటి వచ్చేదే.

2022లో ‘అవర్ బ్లూస్’ను కూడా నో హీగ్యుంగే రాసింది, మళ్లీ కిమ్ హేజాయే తల్లి. లీ బ్యుంగ్‌హున్ ఊరూరా ట్రక్కులో సామాన్లు తిప్పి అమ్ముకునే కొడుకు. భర్త పోయాక ఆ తల్లి మరొకరి ఇంట్లో రెండో భార్యగా చేరి, ఇకనుంచి తనను అమ్మా అనొద్దని, పిన్నీ అనమని కొడుకును కొట్టింది. అతను దాన్ని మన్నించలేదు. ఇప్పుడు ఆమెకు క్యాన్సర్. ఇద్దరూ ఒకే బండిలో ప్రయాణం చెయ్యవలసి వస్తుంది. ఈ తల్లి క్షమాపణ చెప్పదు, తాను చేసింది సరైనదే అనీ అనదు. కిమ్ హేజా ఆ పాత్రను ఎవరి జాలీ కోరని మొండి మౌనంతో చేసింది. పెద్ద తారలైన లీ బ్యుంగ్‌హున్ వంటివాళ్లు కూడా అటువంటి నటి పక్కన తమ వెలుగు తగ్గించుకుని నిలబడతారు. జేజు యాసలో నడిచే ఆ మాటలకు కొరియన్ ప్రేక్షకుల కోసమే కింద కొరియన్ అక్షరాలు వేశారు. ఏళ్లపాటు ప్రాంతీయ యాసను హాస్యగాళ్లకూ, విలన్లకూ కేటాయించిన మన సినిమావాళ్లు ఈ ఒక్క విషయమైనా గమనించాలి.

నా భయం ఒక్కటే. 2021 నాటి ‘స్క్విడ్ గేమ్’ విజయం తరువాత డబ్బు, ప్రచారం ఎక్కువగా తొందరగా ముగిసే నెత్తుటి కథలవైపు పోతున్నాయి. కొరియన్ ఛానళ్లు వారం మధ్యలో ఉండే డ్రామా వేళలను తగ్గించుకున్నాయి. ఆరు, ఎనిమిది ఎపిసోడ్ల వేట కథలో వెల్లుల్లి ఒలిచే తల్లికి చోటుండదు. చోటు లేకపోతే రాబోయే యోమ్ హేరాన్ నాటకశాలలోనే ఉండిపోతుంది, మనకు కనిపించదు. ‘టాంజరీన్స్’ లాంటి పదహారు ఎపిసోడ్ల కుటుంబ కథను ‘స్క్విడ్ గేమ్’ను అందించిన స్ట్రీమింగ్ సంస్థ నెట్‌ఫ్లిక్సే తీసి విజయం సాధించింది కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోలేదని నేను ఆశపడుతున్నాను. ఏది చూసి మొదలుపెట్టమంటారని ఎవరైనా అడిగితే ప్రేమకథల పేర్లు నేను చెప్పను. ముందు ‘రిప్లై 1988’ చూడండి, మొదటి రెండు మూడు ఎపిసోడ్లు నెమ్మదిగా నడిచినా ఓపిక పట్టండి. తరువాత ‘డియర్ మై ఫ్రెండ్స్’. వీలైతే దాన్ని మీ అమ్మగారి పక్కన కూర్చుని చూడండి. కింది అక్షరాలు ఆవిడ చదవలేకపోతే మీరే మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్పండి.